‘తల్వార్’ ఓడ కాదు: యుద్ధకాలపు నౌకాదళంలో తాతగారి జాడ తీయడం గురించి

జవాబంతా మీరిచ్చిన వివరాల మీదే నడుస్తుంది కనుక మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీ అమ్మగారి తండ్రి బందరు దగ్గరి పల్లె నుంచి 1943లో నేవీలో చేరారనీ, బర్మా యుద్ధంలో పాల్గొన్నారనీ, ‘తల్వార్’ అనే ఓడ మీద ఉండగా 1946 తిరుగుబాటులో దొరికిపోతే ఉద్యోగంలోంచి తీసేశారనీ మీ ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన 1970లలో కాలం చేశారు. మీ చేతిలో ఉన్నవి మూడు: యూనిఫారంలో దిగిన ఫోటో, రెండు గుండ్రటి పతకాలు, ఒకదాని మీద సింహం, ఇంకోదాని మీద భారతదేశ పటం, చెదలు సగం తినేసిన ఒక కాగితం, అందులో ‘తల్వార్’ అన్న మాటా, 1946 అన్న సంవత్సరమూ మాత్రం చదవగలుగుతున్నారు. ఏ ఓడలో పనిచేశారు, ఏ యుద్ధం చూశారు, ఎవరికి రాస్తే తెలుస్తుంది అన్నది మీరడిగినది.

ఎవరికి రాయాలన్నది చివర చెబుతాను, ఎందుకంటే ఇప్పుడే ఎవరికీ రాయవద్దన్నది నా మొదటి సలహా. ఇరవై ఏళ్ళ క్రితం మా పెద్ద తాతగారి వివరాల కోసం నేను ఒక కార్యాలయానికి ఉత్సాహంగా ఉత్తరం రాశాను. ఇంటిపేరు పూర్తిగా, పేరు ఈనాటి ఇంగ్లీషు వర్ణక్రమంలో, చేరిన సంవత్సరం మా నాయనమ్మ చెప్పినట్టుగా. అలాంటి మనిషి మా రికార్డుల్లో లేడని మూడు వాక్యాల జవాబు వచ్చింది. తరువాత ఆయన ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాగితాల్లో సర్వీసు నెంబరు దొరికింది. అదే కార్యాలయానికి ఆ నెంబరుతో రాస్తే ఆ మనిషి ఉన్నాడు. వాళ్ళ తప్పేమీ లేదు. నేను అడిగిన పేరుతో నిజంగానే ఎవరూ లేరు. అందుకే నెంబరు గానీ, అది దొరకకపోతే ఆనాటి కాగితం మీద ఉన్న పేరు అక్షరాలు గానీ చేతిలోకి వచ్చేదాకా ఇంట్లోనే వెతకాలి.

ఇక తల్వార్ సంగతి. హెచ్.ఎం.ఐ.ఎస్. (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) అన్న అక్షరాలు ముందుంటే అది ఓడ పేరేనని అందరూ అనుకుంటారు. బ్రిటిష్ నౌకాదళం అలవాటు ప్రకారం అప్పటి మన నౌకాదళమైన రాయల్ ఇండియన్ నేవీ కూడా తన ఒడ్డు స్థావరాలకు, శిక్షణ కేంద్రాలకు ఓడల్లాగే పేర్లు పెట్టింది. తల్వార్ బొంబాయి కొలాబాలో ఉన్న సిగ్నల్ స్కూలు, అంటే సందేశాలు పంపడం, అందుకోవడం నేర్పే చోటు. అది ఏనాడూ నీటి మీద తేలలేదు. అలాగే బొంబాయిలో డల్హౌసీ, కరాచీ మనోరాలో కుర్రవాళ్ళ శిక్షణకు బహదూర్, ఫిరంగి విద్యకు హిమాలయ, జామ్‌నగర్‌లో టార్పెడో విద్యకు వల్సూరా, లోనావ్లాలో ఇంజను పనులకు శివాజీ, కొచ్చిలో వెందురుతి, మద్రాసులో అడయార్, మన విశాఖపట్నంలో సర్కార్స్, ఇవన్నీ నేల మీద ఉన్నవే. వీటిలో కొన్ని ఐ.ఎన్.ఎస్. పేరుతో నేటికీ నడుస్తున్నాయి. నావికుడి కాగితాల్లో ఇలాంటి పేరు కనిపిస్తే అది ఆయన శిక్షణ పొందిన చోటో, ఓడకూ ఓడకూ మధ్య జీతం లెక్క ఉన్న చోటో, విడుదలైన చోటో కావచ్చు. మీ తాతగారి విషయంలో ఇది నిరాశ పడవలసిన సంగతి కాదు, పైగా మేలు చేసే సంగతి. సిగ్నల్ స్కూలులో ఉన్నారంటే ఆయన టెలిగ్రాఫిస్టో, సిగ్నల్‌మనో అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ శాఖలోకి ఇంగ్లీషు చదువు వచ్చినవాళ్ళను తీసుకునేవారు. ఆయన స్కూలు ఫైనలు దాకా చదివారేమో ఇంట్లో అడగండి; చదివి ఉంటే ఈ ఊహకు బలం వస్తుంది.

ఇదే జాతికి చెందిన ఇంకో పొరపాటు మీ జిల్లా వారికి ప్రత్యేకంగా పొంచి ఉంది. కాగితంలో తెగిపోయిన వరుసలో ‘కిస్ట్‌నా’ అని కనిపిస్తే అది ఓడ కావచ్చు, జిల్లా కావచ్చు. ఆ పేరుతో నౌకాదళంలో నిజంగానే ఒక యుద్ధనౌక ఉండేది, కృష్ణా జిల్లాను పాత ఇంగ్లీషు రాతలో అలాగే రాసేవారు. గోదావరి జిల్లాల వారికీ ఇదే చిక్కు: గోదావరి అనే యుద్ధనౌక 1944 ఆగస్టు 12న సీషెల్స్ ద్వీపాల దగ్గర ఫిండ్‌హార్న్ అనే బ్రిటిష్ నౌకతో కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది. తన జిల్లా పేరున్న గడిని ఓడ పేరుగా చదివి, ఈ వీరగాథను తాతగారికి అంటగట్టిన ఒక మనవడిని నేనెరుగుదును.

పతకాల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేవి అవే. సింహం రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడినట్టున్నది 1939–45 యుద్ధ పతకం. సైన్యంలో 28 రోజులు పనిచేసిన ప్రతివారికీ ఇచ్చినది కనుక దాని వల్ల తెలిసేది తక్కువ. భారతదేశ పటం ఉన్నది ఇండియా సర్వీస్ పతకం. ఇది భారత దళాల వారికే ఇచ్చారు, దానికి ఒక నిబంధన ఉంది: 1939 సెప్టెంబరు 3కూ 1945 సెప్టెంబరు 2కూ మధ్య మూడేళ్ళ సర్వీసు ఉండాలి. వెనక్కి లెక్కపెట్టి చూడండి. ఆ పతకం మీ తాతగారిదే అయితే ఆయన 1942 సెప్టెంబరు మొదటి రోజులకు ముందే చేరి ఉండాలి. 1943 అన్న మాట నిలవదు.

మరి ఇంట్లో 1943 అని ఎందుకంటున్నారు? పెద్దవాళ్ళను ఇంగ్లీషు సంవత్సరం అడిగితే ఇలాంటి జవాబే వస్తుంది. చేరిన తెలుగు సంవత్సరం చిత్రభాను అని ఏ ఉత్తరంలోనో, నోటు మీదో, పెళ్ళి శుభలేఖలోనో ఉంటే, దాన్ని తరువాతి తరం ఎవరో 1943గా మార్చి చెప్పి ఉండవచ్చు, ఎందుకంటే చిత్రభాను 1942 ఉగాదికి మొదలై 1943 ఉగాది దాకా నడిచింది. దాని ముందుది వృష, తరువాతివి వరుసగా స్వభాను, తారణ, పార్థివ, వ్యయ. ఈ వరుస దగ్గర పెట్టుకుని ఇంట్లోని పాత కాగితాలు చూడండి. మాట్లాడగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే సంవత్సరం అడగవద్దు, సంఘటన అడగండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ భయం కోస్తా అంతటా పాకింది, మద్రాసు నుంచి జనం తట్టాబుట్టా సర్దుకుని పల్లెలకు పారిపోయి వచ్చారు. ‘తాతయ్య మిలటరీకి వెళ్ళింది బాంబులు పడకముందా, పడిన తరువాతా?’ అన్న ప్రశ్నకు, తారీకులేవీ గుర్తులేని ముసలివారు కూడా తడుముకోకుండా జవాబు చెప్పడం నేను చాలాసార్లు చూశాను.

మీ దగ్గర లేని పతకం కూడా ఒక సాక్ష్యమే. బర్మా వైపు పనిచేసినవారికి ఇచ్చిన బర్మా స్టార్ గుండ్రంగా ఉండదు. ఆరు కొనల నక్షత్రం, ముదురు నీలం రిబ్బను, నడుమ ఎర్ర చార, ఇరువైపులా నారింజ చారలు. నౌకాదళం వారికి అది 1941 డిసెంబరు తరువాత బంగాళాఖాతంలో చేసిన సర్వీసుకు దక్కేది. అసలు సముద్రం మీద యుద్ధ ప్రాంతంలో ఆరు నెలలు గడిపినవారికి సాధారణంగా 1939–45 స్టార్ అయినా ఉండాలి. మీ దగ్గర ఒక్క నక్షత్రమూ లేదు. దీన్నిబట్టి ఆయన బర్మాకు వెళ్ళలేదని తేల్చేయవద్దు, పతకం రానివారూ, వచ్చినా పోగొట్టుకున్నవారూ, అవసరానికి అమ్ముకున్నవారూ ఉన్నారు. అయితే ఇప్పటికున్న ఆధారాలు రెండూ, అంటే సిగ్నల్ స్కూలూ, స్వదేశ సర్వీసు పతకమూ, ఒకే వైపు చూపిస్తున్నాయి: సర్వీసులో ఎక్కువ భాగం భారత తీరంలోనే, బహుశా ఒడ్డు మీది వైర్‌లెస్ కేంద్రాల్లో గడిచి ఉండాలి. బర్మా అన్న మాట ఎలా పుట్టిందో కూడా ఊహించవచ్చు. ఆ రోజుల్లో మన పల్లెల్లో యుద్ధం అంటే బర్మాయే. రంగూను నుంచి నడిచి వచ్చిన వలసకూలీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

పతకాల అంచులను, వెనుక వైపును భూతద్దంతో చూడండి. ఒక్కోసారి నెంబరు, పేరు చెక్కి ఉంటాయి. మెరిసేలా తోమించకండి, సన్నని అక్షరాలు అరిగిపోతాయి. మూడు రంగుల రిబ్బనుతో అశోక చక్రం ఉన్న పతకం ఇంట్లో ఇంకెక్కడైనా ఉందేమో కూడా వెతకండి. అది 1947 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి ఇచ్చిన స్వాతంత్ర్య పతకం. అది గనుక దొరికితే 1946లో తీసేశారన్న కథే ఉండదు.

ఫోటో విషయంలో టోపీ రిబ్బను మీద ఆశ పెట్టుకోకండి. శత్రువుకు తెలియకూడదని యుద్ధకాలంలో ఓడ పేరు తీసేసి ఉత్త హెచ్.ఎం.ఐ.ఎస్. అనే వేసేవారు. ఓడ పేరుతో సహా కనిపిస్తే ఆ ఫోటో యుద్ధం ముందుదో, తరువాతిదో కావచ్చు. చూడవలసినవి చేతులు. బ్రిటిష్ వారి రాయల్ నేవీ పద్ధతిలో కుడి చేతి మీద వృత్తి గుర్తు ఉంటుంది: అడ్డంగా పెట్టిన రెండు జెండాలు సిగ్నల్‌మన్‌కు, రెక్కలూ మెరుపూ టెలిగ్రాఫిస్టుకు. ఎడమ చేతి మీద లంగరు ఉంటే లీడింగ్ హోదా, అంటే మామూలు నావికుడికి ఒక మెట్టు పైన. అదే చేతి మీద వి ఆకారపు పట్టీ ఒకటి ఉంటే సత్ప్రవర్తనతో మూడేళ్ళు నిండాయని అర్థం. దీన్ని పతకం చెప్పిన మూడేళ్ళతో సరిచూసుకోవచ్చు. ఫోటో వెనుక స్టూడియో ముద్ర ఏ ఊరిదో చూడండి. అట్టకు అతికించి ఉంటే బలవంతంగా పీకకండి.

చెదలు తిన్న కాగితాన్ని దయచేసి లామినేషన్ చేయించకండి. ఇళ్ళలో ఎక్కువ పత్రాలు పాడైంది చెదల వల్ల కన్నా ఆ ప్రేమ వల్లనే. గదిలో చీకటి చేసి, ఫోను దీపం కాగితానికి పక్కగా, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని ఫోటోలు తీయండి. కంటికి కనబడని పెన్సిలు రాత, టైపు మిషను నొక్కులు నీడలుగా తేలుతాయి. తల్వార్ అన్న మాట ఏ గడిలో ఉందో, దాని ముందు వెనుక తేదీలు ఉన్నాయో చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా సర్వీసు నుంచి వెళ్ళిన కారణం రాసే వరుస మిగిలిందేమో చూడండి, మీ రెండో పెద్ద ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఆ ప్రశ్న తిరుగుబాటు గురించి. 1946 ఫిబ్రవరి 18న తల్వార్‌లోని నావికులు తిండి, జీతాలు, అధికారుల బూతు మాటల మీద కోపంతో పని మానేశారు. రెండు రోజుల్లో బొంబాయి, కరాచీ, మద్రాసు, విశాఖపట్నం దాకా పాకి, 23న వల్లభ్‌భాయ్ పటేల్ మాట మీద ఆగింది. తల్వార్, 1946 అన్న రెండు మాటలూ ఒకే కాగితంలో కనబడితే ఎవరికైనా గుండె వేగంగా కొట్టుకుంటుంది. అయితే అదే సంవత్సరం యుద్ధం కోసమని చేర్చుకున్న వేలాది మందిని మామూలుగా ఇళ్ళకు పంపించారు. యుద్ధం మొదట్లో రెండు వేలకు లోపున్న దళం ముగిసేనాటికి 30,000 దాటింది. వారిలో అత్యధికులకు శాంతికాలంలో చోటు లేదు. కాబట్టి ‘రిలీజ్’ అన్న మాట ఉంటే అది ఈ మామూలు విడుదల. ‘డిస్మిస్’ అని ఉంటేనే శిక్ష. ‘డిశ్చార్జ్’ అని మాత్రం ఉంటే పక్కనున్న కారణం చదివితే గాని తేలదు. సమ్మెలో కూర్చుని కూడా ఏ శిక్షా లేకుండా తరువాత మామూలుగా విడుదలైనవారు చాలామంది ఉన్నారు కనుక, మీ ఇంటి కథలో సగం నిజం ఉండి, గెంటివేత అన్నది తరువాత చేరిన ముక్క అయి ఉండవచ్చు కూడా.

దీన్ని తేల్చడానికి రెండు దారులు ఉన్నాయి. ఆ ఘటన మీద జస్టిస్ ఫజల్ అలీ అధ్యక్షతన 1946లో విచారణ సంఘం కూర్చుంది; దానికి సంబంధించిన కాగితాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, ఆ సంస్థ అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో శీర్షికలను ఇంటి నుంచే వెతకవచ్చు. రెండోది మన దగ్గరే ఉంది. స్వాతంత్ర్య సమరయోధుల కేంద్ర పింఛను పథకంలో నౌకాదళ తిరుగుబాటును కూడా గుర్తించారు. మీ అమ్మమ్మగారు ఎప్పుడైనా దానికి దరఖాస్తు పెట్టారా, సాటి నావికులెవరైనా ఆమెకు ధ్రువపత్రం రాసిచ్చారా అని అడగండి. పింఛను రాకపోయినా దరఖాస్తు నకలు ఇంట్లో ఉంటే అదే ఒక చిన్న జీవితచరిత్ర.

అలాంటి పక్క కాగితాలే తరచూ నెంబరును ఇస్తాయి. యుద్ధం నుంచి తిరిగి వచ్చాక ఆయన ఏం చేశారో మీరు రాయలేదు. రైల్వేలోనో, తంతి తపాలాలోనో, పోర్టులోనో చేరి ఉంటే ఆ సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో మిలటరీ సర్వీసు నమోదై ఉంటుంది, ఎందుకంటే మాజీ సైనికుడన్న అర్హత అక్కడ పనికొచ్చింది. మాజీ సైనికుల కోటాలో భూమి వచ్చిందేమో, ఇంట్లో డి-పట్టా ఉందేమో చూడండి. తహసీల్దారు కార్యాలయంలోని ఆ ఫైలులో డిశ్చార్జి సర్టిఫికెట్టు నకలు ఉండే అవకాశం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పింఛను లేనివారికి, వారి వితంతువులకు రాష్ట్ర ప్రభుత్వం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నెలవారీ సాయం ఇస్తూ వచ్చింది. మీ అమ్మమ్మగారికి ఆ సాయం అంది ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. ఆ కార్యాలయంలో ఆమె పేరున ఉన్న ఫైలులో ఆయన నెంబరు ఉంటుంది.

పేరు రాసే పద్ధతి గురించి కొంచెం ఓపికగా చదవండి. మన ఇంటిపేరు ముందు వస్తుందని బొంబాయి గుమాస్తాకు తెలియదు. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరమై మిగిలింది, కొందరికి పూర్తిగా రాలిపోయింది, కొందరికి తండ్రి పేరు ఇంటిపేరుగా మారింది. వేంకటకు నాలుగైదు రకాల ఇంగ్లీషు వర్ణక్రమాలు ఉన్నాయి, రావు, నాయుడు లాంటి చివరి మాటలు ఒక కాగితంలో ఉండి మరొకదానిలో ఉండవు. ఊళ్ళ పేర్లు ఆనాటి పలుకుబడిలో ఉంటాయి: బందరు మసులిపటం, విశాఖ విజగపటం, కాకినాడ కొకనాడ, ఏలూరు ఎల్లోర్. రాష్ట్రం గడిలో మద్రాసు అని ఉంటే ఆయనను తమిళుడనుకోకండి, మన కోస్తావాళ్ళమంతా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. వయసు గడిని అసలు నమ్మకండి. తక్కువ వయసున్న కుర్రాళ్ళు పెంచి చెప్పి చేరడం సర్వసాధారణం. తండ్రి పేరూ, ఊరూ కలిస్తే మనిషి కలిసినట్టే.

ఇవన్నీ అయ్యాక రాయవలసిన చిరునామా ముంబయి మాన్‌ఖుర్ద్ చీతా క్యాంపులోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, కమొడోర్ గారి పేరున. నావికుల సర్వీసు రికార్డులు చూసేది వారే. ఒకే పేజీలో నెంబరు, పేరు రాయగలిగిన అన్ని రూపాలు, తండ్రి పేరు, ఊరు, చేరిన, విడిచిన సంవత్సరాలు, తల్వార్ అన్న మాట ఉన్న కాగితం నకలు, మీరు మనవడని చూపే పత్రం జత చేయండి. మొదటి ఉత్తరం మామూలు విన్నపంగానే ఉండాలన్నది నా అభిప్రాయం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడగడం రెండో మెట్టు. ముప్పై రోజుల్లో జవాబు వస్తుంది గానీ, ప్రశ్న వదులుగా ఉంటే జవాబు కూడా అలాగే ఉంటుంది. ‘ఈ నెంబరు గల నావికుడు పనిచేసిన ఓడలు, స్థావరాలు, తేదీలు తెలపండి’ అని మాత్రమే అడగండి. పింఛను కార్యాలయానికి రాసి కాలం వృథా చేసుకోకండి; మూడు నాలుగేళ్ళ యుద్ధకాలపు సర్వీసుకు సాధారణంగా పింఛను ఉండదు. లండన్‌లోని ఇండియా ఆఫీసు రికార్డులకు కూడా డబ్బు ఖర్చు పెట్టవద్దు, అవి ప్రధానంగా అధికారుల కోసం వెళ్ళవలసిన చోటు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా తిరిగి రానివారిది. సముద్రమే సమాధి అయిన ఆరు వేలకు పైగా నావికుల పేర్లు బొంబాయి, చిట్టగాంగు స్మారక గ్రంథంలో ఉన్నాయి, వారిలో అత్యధికులు సరుకు ఓడల మీద పనిచేసిన మన దేశపు కూలి నావికులే.

ముంబయి జవాబులో నిజమైన ఓడ పేరు ఒకటి వస్తే, భారత, పాకిస్తాన్ ప్రభుత్వాల ఉమ్మడి చరిత్ర విభాగం 1964లో వెలువరించిన నౌకాదళ సంపుటంలో ఆ ఓడ ఎక్కడెక్కడ తిరిగిందో చూసి, తాతగారు దాని మీద ఉన్న తేదీల మేరకే కథను కత్తిరించుకోండి. ఓడ సిసిలీకి వెళ్ళింది 1943 జూలైలో, ఆయన ఎక్కింది సెప్టెంబరులో అయితే సిసిలీ ఆయనది కాదు.

ఈలోగా కాగితం ఫోటో పక్క వెలుతురులో తీసినదీ, ఎడమ చేయి స్పష్టంగా కనిపించే ఫోటో భాగమూ ఇక్కడ పెట్టండి. పేరూ, నెంబరూ కనబడకుండా కప్పి పెట్టండి. కారణం రాసిన వరుసలో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు మిగిలినా అది రిలీజో, డిస్మిసో, డిశ్చార్జో చెప్పగలను.